మూడో సిలిండర్

మాల్ అంగడికి ఎద్దులు దిగుతున్న పొద్దు
విమలమ్మ టీచర్ కారు తెచ్చింది.
తెచ్చుడేంది, వణికిచ్చుకుంట ఈడ్చుకొచ్చింది.
చింతపల్లి దాటినకాన్నుంచి ఇంతేనట,
ఎక్స్‌లేటర్ తొక్కితే దగ్గుతదట,
మీటర్ల పచ్చటి ఇంజన్ బొమ్మ
ఆరుతదట, ఎలుగుతదట.

మొయిజ్ సాబ్ లేవలే.
స్టూలు మీదికెల్లే చెవి అటు పెట్టి
"మిస్సింగ్. నలుగుట్ల ఒకడు పనికొస్తలేడు" అన్నడు
కూలోల్ల హాజరు చెప్పినట్టు.

చల్లారనియ్యాలె.
వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు
ప్లగ్గుతో పాటు తన మరలు గూడ ఊడదీసి చేతుల పెడ్తది.
అందుకని ఛాయ్.
అందుకని టీచర్ బెంచీ మీద కూసొని
పరీక్ష కాగితాలు దిద్దింది, ఎర్ర పెన్నుతోని.

బ్యాటరీ మైనస్ తీసిన.
ప్లాస్టిక్ మూత తీసిన.
కింద నాలుగు కాయిల్స్, నల్లగ,
బెంచీ మీద చేతులు కట్టుకున్న పిల్లల్లెక్క.
క్లిప్పులు వేడికి ఎండి బిస్కెట్లయినయి,
ఊపిరి బిగవట్టి నొక్కాలె.
మూడోది ఇరిగింది.
సాబ్ చూడలే. విన్నడు.
"జిప్ టై కడుదువులె" అన్నడు, అంతే.

పది నంబర్ బోల్టు. జర అటూ ఇటూ మెలేసి గుంజితే
టప్పున ఊడొచ్చింది కాయిల్.

"మూడో దాన్ని ఒకటో గుంతల పెట్టు,
ఒకటో దాన్ని మూడో గుంతల.
దగ్గు దాని ఎంట పోతే కాయిల్‌ది తప్పు.
ఆడ్నే ఉంటే చోటుది తప్పు."

స్టార్ట్ చేసి స్కానర్ పెట్టినం.
కుక్కపిల్ల లెక్క
దగ్గు ఒకటో దాని ఇంటికి పోయింది.
చోటు మంచిదే.

గుంతలల్ల గాలి కొట్టి, దుమ్ము ఎల్లగొట్టి
పదారు నంబర్ గొట్టం దింపిన.
నాలుగు ప్లగ్గులు పేపర్ మీద పరిచిన.
మూడు, కాలిన ఇటుక రంగు.
ఒకటి తడి, మసి, పెట్రోల్ కంపు,
తాగింది గని మండలే.
సాబ్ ఒక్కొక్క దాన్ని ఎలుతురుకు పట్టి
ఏ సిలిండర్ల ఏం నడుస్తుందో చదువుతుండు.

గిట్లనే గద,
పట్నంల మేం నోరు తెర్వంగనే
పండ్ల మీది గోధుమ గీతలు చూసి
"మర్రిగూడ దిక్కా?" అంటరు.
హాస్టల్ల అడిగిండ్రు.
షోరూం పనికి పోతే అడగలే, చూసిండ్రు.

సాబ్ మోచెయ్యి చాపరాదు, మలుపరాదు,
ఎన్నడో నడుమ ఆగింది.
అందుకే లోపలి గుంతలకు నా చెయ్యి పోతది.
మమ్ముల ఎవ్వలన్న మార్చి చూసిండ్రా,
ఇంకో ఊరి బోరింగ్ కాడ పెట్టి,
దగ్గు ఎంట వచ్చిందా, ఆడ్నే ఉన్నదా అని?

అడగలే సాబ్‌ను.
"చెయ్యి ఆడనియ్యి, నోరు గాదు" అంటడు.

కొత్త ప్లగ్గును రబ్బరు పైపు ముక్కకు తొడిగి
రెండు వేళ్లతోనే తిప్పాలె.
ముందుగాల ఎనక్కి.
మర మీద మర కూసున్నప్పుడు
సన్నగ టిక్కుమంటది, చెవికి గాదు, ఏలి కొసకు.
అప్పుడు ముందుకు.
బలం పెట్టి అడ్డమరల ఎక్కిస్తే హెడ్డు ఖరాబు.
వేళ్లు ఒప్పుకున్నంకనే పాన.
ఇంకో సగం తిప్పు. చాలు.
ఈ పనిల నేను అన్నిటికన్న లేటుగ నేర్సింది
ఆ చాలు.

కొత్త కాయిల్ మూడో దాంట్ల,
ఒకటోది మల్ల దాని ఇంటికి.
ఇరిగిన క్లిప్పుకు జిప్ టై.
తాళం తిప్పిన.

సాబ్ కుంటుకుంట లేచొచ్చి
తన ఛాయ్ గ్లాసు ఇంజన్ మీద పెట్టిండు.
మీగడ పగల్లే.

టీచర్ నవ్వింది,
అలవాటుగ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని.
ఏళ్లకు ఎర్ర సిరా.
మజూరి ఆరు వందలన్నడు సాబ్, సామాన్లు అలగ్.
ఆమె పర్సుల ఎతుకుతుంది.

రోడ్డు అవతల ఎవరో బేరగాడు
ఎద్దు పెదిమ లేవట్టి
పండ్లు లెక్కపెడ్తుండు.